ఆ మిట్ట మీదే కాగే కారు

రోడ్డు పక్కన బానెట్టు లేపి నిలబెట్టిన కారు కనిపిస్తే చాలు, నా కాలు నన్నడక్కుండానే బ్రేకు మీదికి పోతుంది. మొన్న ఆదివారం జమ్మలమడుగు నుంచి పులివెందులలో మా పుట్టింటికి ఒక్కదాన్నే కారు నడుపుకుంటూ పోతుంటే, ముద్దనూరు దాటాక అదే జరిగింది. ఇస్త్రీ నలగని చొక్కాలో ఒకాయన, ఆవిరి కక్కుతున్న ఇంజను ముందు నిలబడి ఫోనులో ఎవరినో తిడుతున్నాడు. నేను దిగి దగ్గరికి పోయాను.

"ఫ్యాను తిరుగుతాందా అప్పా? బెల్టు ఉండాదా? నీళ్లు యాడ కారుతాండాయి? పొగ తెల్లగా వస్తాందా?"

ఆయన ఫోను చెవి మీంచి దించి నన్ను ఎగాదిగా చూశాడు.

"మీరు మెకానిక్కా మేడమ్?"

"కాదు, బళ్లో లెక్కలు చెప్తాను" అన్నాను. ఈలోగా ఆయన చెయ్యి రేడియేటరు మూత మీదికి పోతోంది. ఆ చేతి మీద ఒక్కటి వేసి, "చల్లారనీ!" అని అరిచాను. అరిచినందుకు నాకే సిగ్గేసింది. డిక్కీలోని నీళ్ల డబ్బా తీసి ఆయన పక్కన పెట్టి, గబగబా వచ్చి కారులో కూర్చున్నాను.

కూర్చున్నాక గాని తట్టలేదు, ఆ ప్రశ్నలు నావి కావు. ఆ వరస కూడా నాది కాదు. మా మామది, అంటే మా ఆయన తండ్రిది. పోయిన కార్తీకంలో ఆయన కాలం చేశాడు. కారు తాళం తిప్పాను.

జమ్మలమడుగులో అందరికీ ఆయన శనగ రైతు. ఆయన దృష్టిలో మాత్రం ఆయన కార్ల డాక్టరు. దారిలో ఆగిపోయిన బండి కనిపిస్తే, మేము పోయే పెళ్లి ముహూర్తం దాటిపోతున్నా సరే, దిగాల్సిందే. పంచె ఎగ్గట్టి, చేతులు వెనక్కి కట్టుకుని, బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, ఆ ప్రశ్నలు అడిగేవాడు. ఆ తర్వాత ఆయిలు చూసే పుల్ల బయటికి లాగేవాడు. నీళ్లు కలిసిపోయి ఆయిలు కాఫీ రంగుకు తిరిగి ఉంటే మాత్రం గొంతు తగ్గిపోయేది. బండాయన భుజం మీద చెయ్యేసి, "హెడ్డు గ్యాస్కెట్టు పోయిందప్పా, ఇంజనంతా విప్పాల. ధైర్నంగా ఉండు" అనేవాడు. బండాయన కూడా పాపం, ఆత్మీయులెవరో పోయినట్టే తల వంచుకునేవాడు.

ఆయన చెప్పిన రోగాల్లో సగానికి సగం తప్పే. ఆయన బెల్టు అంటే అది పైపు అయ్యేది, పైపు అంటే నీళ్ల పంపు అయ్యేది. మెకానిక్కు వేరే చెప్పాడని ఎవరైనా అంటే, "వానికి దొరికింది వాడు చెప్పినాడు, నాకు దొరికింది నేను చెప్పినా" అని తేల్చేసేవాడు. ఓడిపోయాననే మాట ఆయన నోటి నుంచి నేనెప్పుడూ వినలేదు.

ఆయనకో తెల్ల కారుండేది. శనగ బాగా పండిన ఏడు ప్రొద్దుటూరులో ఒక బంగారం అంగడాయన దగ్గర పాతది కొన్నాడు. ఆ కారు కింద తన పాత తెల్లపంచె పరిచి పడుకునేవాడు. ఆయన మంచం మీద, పంచె కారు కింద. పొద్దున లేచి మొహం కడుక్కోకముందే ఆ పంచె తీసి వెలుగులో పట్టుకుని చూసేవాడు. పచ్చ మరకుంటే కూలెంటు కారుతున్నట్టు, నల్ల మరకుంటే ఆయిలు, రంగులేని తడి అయితే ఏసీ నీళ్లు, భయం లేదు. మరక ముందువైపుంటే రేడియేటరు, వెనకవైపుంటే పైపు. మా అత్త పళ్లు తోముకుంటూ నాతో అనేది, "ఊర్లో మొగోళ్లు పేపరు చదువుతారు. ఈయప్ప పంచె చదువుతాడు" అని.

రేడియేటరులో సన్నటి చిల్లు పడితే దాంట్లో పసుపు పోసేవాడు. పసుపు ముద్దకట్టి చిల్లు పూడుతుందని ఆయన నమ్మకం. కొన్నాళ్లు నిజంగానే పూడేది కూడా. మా వంటింట్లో పసుపు డబ్బా కనిపించలేదంటే కారు డాష్‌బోర్డులో వెతకాల్సిందే. అలాంటి రోజుల్లో కింద పరిచిన పంచె మీద పచ్చమరక పోయి పసుపు మరకలు పడేవి. అది ఉతికి తీగ మీద ఆరేస్తే, ఇంట్లో ఎవరికి పెళ్లి అని పక్కింటివాళ్లు అడిగారు.

ఇక హీటరు సంగతి. నడివేసవిలో ప్రొద్దుటూరులో మా అత్త తరపు వాళ్ల పెళ్లికి బయల్దేరాం. సగం దూరం పోయేసరికి ఇంజను వేడి చూపించే సూది పైకి లేచింది. ఆయన కారాపలేదు. లోపలి హీటరు నిండుగా తిప్పి, అద్దాలు దించేశాడు. ఇంజను వేడి లోపలికి లాగితే ఇంజను చల్లబడుతుందట. అందులో నిజముంది, చల్లబడింది. పట్టుచీరల్లో మేమిద్దరం మాత్రం ఉడికిపోయాం.

"యోవ్, నన్ను పెండ్లికి తీస్కపోతాండావా, వడియాలు ఎండబెడతాండావా?" అంది అత్త.

"ఇంజనుకు నోరు లేదు మే. ఆ సూదే దాని నోరు. అది అడిగినప్పుడు మనం సర్దుకోవాల" అన్నాడాయన, నుదుటి చెమట తుడుచుకుంటూ.

సూది మాట వినాలి, వేడి మీద మూత తీయకూడదు. ఆయన జీవితానికి ఈ రెండే సూత్రాలు. రెండోది ఇంట్లో కూడా వాడేవాడు. నేనూ అత్తా ఏదో ఒకదానికి మాటా మాటా అనుకుంటే, మా ఆయన బిక్కమొహం వేసుకుని తండ్రి దగ్గరికి పోయేవాడు, సర్దిచెప్పమని. ఆయన చెప్పులేసుకుంటూ, "ఇద్దరూ హీటు మీద ఉండారు. నేను మూత తీయను" అని వీధిలోకి పోయేవాడు. తిరిగొచ్చేసరికి మేము చల్లబడి ఉండేవాళ్లం. అది తన గొప్పతనమే అనుకునేవాడు.

అంత తెలివైన మనిషి ఒక్కచోట మాత్రం చల్లార్చలేకపోయాడు. ఆయనకు ఒక్కతే చెల్లెలు. ముద్దనూరు దాటి పులివెందుల పోయే దారిలో, రోడ్డు మిట్ట ఎక్కిన చోట ఒక ఊరుంది. రోడ్డు వారనే ఆమె ఇల్లు. ఆమె కూతురిని మా ఆయనకు చేసుకోవాలని ఆ పిల్ల పుట్టినప్పుడే అనుకున్నారట. మేనరికమంటే మా దిక్కున మాట్లాడుకోవాల్సిన సంగతి కూడా కాదు, పిల్లలు పెరిగితే చాలు. మధ్యలో నేనొచ్చి పడ్డాను. చదువుకునేటప్పుడు మా ఆయనా నేనూ ఒకే క్లాసు.

ఆ పిల్లకు మైదుకూరులో మంచి సంబంధం కుదిరింది. ఆమెకు మా మీద ఏ కోపమూ లేదు, ఇప్పటికీ బావా అంటూ ఫోను చేసి మా ఆయన్ను ఆటపట్టిస్తుంది. కోపమంతా తల్లికే. మా పెళ్లి ఖాయమైన రోజు ఆమె జమ్మలమడుగు వచ్చి వాకిట్లోనే నిలబడి, "న్నా, ఈ పొద్దు నుంచి నా ఇంట్లో నీకు చెంబెడు నీళ్లు గూడా పుట్టవు" అని చెప్పి, కూర్చోకుండా వెళ్లిపోయిందట. ఆ రోజు నుంచి అన్నతో మాటల్లేవు. నాతో సరేసరి. వరసకు ఆమె నాకు చిన్నమ్మ అవుతుంది, కాని ఆ పిలుపు నా గొంతులోనే ఉండిపోయింది. ఒక్క చెల్లెలు దూరమైందని మామ బయటికి ఒక్కమాట అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ బాధగా ఉండేది.

మా పెళ్లయిన కొత్తలో, నన్ను పుట్టింటికి తీసుకుపోతుంటే ఆ మిట్ట మీద కారు హీటెక్కింది. అప్పుడు నిజంగానే ఎక్కింది, ఆవిరి నేను కళ్లారా చూశాను. సరిగ్గా ఆమె ఇంటి ముందు ఆగింది. మామ దిగి, బానెట్టు లేపి, ఇంజను వైపు చూస్తూ గట్టిగా, "హీటెక్కింది. నీళ్లు కావాల" అన్నాడు. అరుగు మీద శనక్కాయలు ఒలుస్తున్న చిన్నమ్మ అన్నను చూసింది, కారును చూసింది, నన్ను కాస్త ఎక్కువసేపు చూసింది. లోపలికి పోయి ఒక ఎర్ర బకెట్టు నిండా నీళ్లు తెచ్చి అరుగు కొసన పెట్టింది. నీళ్లు పుట్టవన్నది అన్నకు గాని, కారుకు కాదు కదా.

అది మొదలు. ఆ తర్వాత పులివెందుల పోయిన ప్రతిసారీ కారు ఆ మిట్ట మీదే కాగేది. అరుగు ఈ కొసన ఆయన, ఆ కొసన ఆమె, మధ్యలో ఎర్ర బకెట్టు. ఇంజను చల్లారేవరకూ ఆయన ఇంజనుతోనే మాట్లాడేవాడు.

"ఈసారి శనగ దిగుబడి లేదు. మోకాలు నొప్పి శానా ఉండాది. డాక్టరు నడవమంటాడు, యాడ నడిచేది?"

ఆమె శనక్కాయలకు చెప్పేది. "పాపకు రెండో కాన్పు. మగపిల్లోడు. అంతా వాళ్లమ్మ మేనమామ పోలికే."

నేను కారులో కూర్చుని వినేదాన్ని. నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. ఇంటికొచ్చాక ఆయన మా ఆయనతో, "దారిలో ఒక ఊర్లో నీళ్లు తీపిరా. మన బోరు నీళ్లు ఉప్పు, రేడియేటరును తినేస్తాయి. కారుకు అవే పడతాండాయి" అని చెప్పేవాడు. మా ఆయన నమ్మాడు. నేనూ నమ్మాను.

ఒకసారి ఆయన చెయ్యి చూశాను. ఇంకెక్కడైనా కారు కాగితే ఆయన మూత తీసే తీరు నాకు బాగా తెలుసు. చాలాసేపు ఆగి, తడి గోనెపట్టా కప్పి, మొహం పక్కకు తిప్పుకుని, కొంచెం కొంచెంగా తిప్పేవాడు. ఆరోజు ఆ మిట్ట మీద కారాగిన వెంటనే దిగి, వట్టి చేత్తో, పచ్చడి జాడీ మూత తీసినంత సులువుగా తీశాడు. బుస్సుమనలేదు. ఆవిరీ లేదు. నేను ముందుకు వంగి సూది చూశాను. చక్కగా మధ్యలో ఉంది.

ఇంటికి రాగానే అత్తను వంటింట్లోకి లాక్కుపోయి చెప్పాను.

"నీకు ఇప్పుడు తెల్సిందా?" అంది అత్త, బియ్యం చెరుగుతూ. "చెల్లెలింటికి పోదాం అని చెప్పనీకి ఆయప్పకు నోరు రాదు. అందుకే కారుకు రోగం పెట్టినాడు. నువ్వు తెలీనట్టే ఉండు."

ఉన్నాను. కాని మా ఆయనకు ఎవరూ చెప్పలేదు. అక్కడే వచ్చింది చిక్కు. కొడుకుగా తన బాధ్యత అనుకుని, కారునూ తండ్రినీ తీసుకుని ప్రొద్దుటూరులో పెద్ద షెడ్డుకు పోయాడు. మెకానిక్కు రేడియేటరు విప్పి నేల మీద బోర్లిస్తే, తెల్లటి ఉప్పు పెచ్చులూ పసుపు బురదా కలిసి పడ్డాయట.

"యాడి నీళ్లప్పా ఇవి? సముద్రం తెచ్చి పోసినారా?" అన్నాడట మెకానిక్కు.

ఆ తీపి నీళ్ల ఊరు పేరు చెప్పమని మా ఆయన తండ్రి వైపు తిరిగితే, ఆయన షెడ్డు పైకప్పులో ఏదో ముఖ్యమైంది కనిపించినట్టు పైకి చూస్తూ నిలబడ్డాడట. కొత్త రేడియేటరు, కొత్త పైపులు, కొత్త మూత, నిండా పచ్చ కూలెంటు. ఇంక మూత ముట్టుకునే పనే లేదు, నీళ్లు అసలు పోయొద్దు అని మెకానిక్కు గట్టిగా చెప్పి పంపాడు.

మా ఆయన గెలిచినట్టు వచ్చాడు. మామ ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు. మర్నాడు పొద్దున పంచె తీసి అటూ ఇటూ తిప్పి చూసి, "ఒక్క చుక్క గూడా లేదు" అన్నాడు. చేలో గింజ పడలేదని చెప్పినప్పుడు కూడా ఆయన గొంతు అంత దిగులుగా ఉండేది కాదు. తర్వాత రోజూ అంతే. తెల్లగా ఉన్న ఆ పంచెను మడతపెట్టి ఊరికే గూట్లో పెట్టేవాడు. చెల్లెలి వాకిట్లో ఆగడానికి ఆయనకున్న ఒక్క దారీ మూసుకుపోయింది. నాకు మా ఆయన మీద చెప్పలేనంత కోపమొచ్చింది, మంచిపని చేసినందుకు.

శ్రావణ శనివారం గండి ఆంజనేయస్వామికి బయల్దేరాం. మా ఆయన నడుపుతున్నాడు, పక్కన మామ, వెనక నేనూ అత్తా. మిట్ట దగ్గర పడేకొద్దీ మామ సీటులో కదలడం మొదలుపెట్టాడు. ఊరు కనిపించింది.

"ఒరేయ్, ఆపు. హీటెక్కింది."

"లేదు నాయనా. సూది నడాన ఉండాది చూడు" అన్నాడు మా ఆయన.

"సూదికేం తెల్సు? ఆపు!"

ఎన్నేళ్లుగానో దేవుడి మాటలా నమ్మిన సూదిని ఆ పొద్దు ఆయన అలా తీసిపారేశాడు. మా ఆయన ఇంకా ఏదో అనబోతుంటే అత్త వెనక నుంచి, "ఆపు నాయనా. మీ నాయనకు హీటెక్కింది" అంది.

ఆపాడు. మామ దిగి బానెట్టు లేపాడు. చిన్నమ్మ అరుగు మీదే ఉంది. ఎర్ర బకెట్టు కూడా అరుగు కొసనే ఉంది, అప్పటికే నిండుగా. ఆయన మూత తీశాడు. లోపల పచ్చ కూలెంటు అంచు దాకా నిలబడి ఉంది. బకెట్టు ఎత్తి పోశాడు. పోసిన నీళ్లు పోసినట్టే పొర్లి కిందికొచ్చాయి. ఆయన ఆపలేదు. పచ్చనీళ్లు ఇంజను మీంచి, బంపరు మీంచి కారి ఆయన చెప్పుల కిందికి పారుతున్నాయి. మా ఆయన నోరు తెరిచి చూస్తున్నాడు. బకెట్టు సగమయింది, ముప్పాతికయింది.

చిన్నమ్మ శనక్కాయల చేట పక్కన పెట్టి లేచింది. వాకిట్లోకి వచ్చి అన్న మొహంలోకి చూసింది.

"నిండినదాంట్లో ఎన్ని పోస్తావు న్నా?"

ఆయన బకెట్టు పట్టుకునే రేడియేటరులోకి తొంగి చూశాడు. "కొంచెం... తగ్గినట్టుంటే."

"లోపలికి రా. కాఫీ తాగి పో."

"చెంబెడు నీళ్లు గూడా పుట్టవంటివి గదమ్మా" అన్నాడాయన. ఎంత మొండి మనిషో చూడండి, అప్పుడు కూడా.

"నీళ్లంటి. కాఫీ అంటినా?"

ఆయన బకెట్టు దించి, పంచె సర్దుకుని, తల వంచుకుని ఆ గడప దాటాడు. అత్త కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వుతూ దిగింది. నాకూ కాఫీ వచ్చింది, కాని పలకరింపు రాలేదు. "చక్కెర చాలిందేమో అడుగు వదినా" అని చిన్నమ్మ నా సంగతి మా అత్తను అడిగింది. చాలిందని నేను మా అత్తకే చెప్పాను. అన్నతో పట్టిన పంతం సడలింది గాని, కూతురి చోటులో కూర్చున్నదానితో సడలలేదు. నేను తప్పుపట్టలేదు. కాని బాధ పడలేదంటే అబద్ధం.

ఆ తర్వాత కూడా మామ మాత్రం మిట్ట ఎక్కగానే హీటెక్కిందనే చెప్పేవాడు. లోపల కాఫీ తాగుతున్నా, బయట కారు బానెట్టు లేచే ఉండాలి. మర్యాద కోసం.

ఆయన పోయిన రోజు చిన్నమ్మ వచ్చి అన్న మీద పడి, "ఇంగ నా వాకిట్లో నీళ్లడగనీకి ఎవురొస్తారు న్నా" అని ఏడ్చింది. అక్కడున్న సగంమందికి ఆ మాట అర్థం కాలేదు. కర్మ అయ్యేదాకా ఉండి, అందరికీ చెప్పి, నాకు చెప్పకుండా వెళ్లిపోయింది. అప్పటినుంచి మా ఇంటి నుంచి ఎవరూ ఆ వాకిట్లో ఆగలేదు. మా ఆయనకు తండ్రి పంతమే వచ్చింది, వాళ్ల మేనత్తే పిలిస్తే పోదాం అంటాడు. ఆమె పిలవదు. తెల్లకారు షెడ్డులో పట్టా కింద ఉంది. దాంతోపాటే ఆ చుట్టరికం కూడా పట్టా కింద పడిపోతుందేమోనని నాకు భయంగా ఉండేది.

మొన్న ఆదివారం ఆ ఇస్త్రీ చొక్కాయన దగ్గర్నుంచి బయల్దేరినప్పుడు నేను ఏమీ అనుకోలేదు. మిట్ట ఎక్కాను. ఇల్లు కనిపించింది. సూది చూశాను, మధ్యలో ఉంది. సూదికేం తెల్సు అనుకున్నాను. ఆపాను.

కొత్త కారు బానెట్టు మీట ఎక్కడుందో దొరకడానికే కాస్త టైము పట్టింది. లేపితే అంతా నల్లటి ప్లాస్టిక్కు మూత. ఏది రేడియేటరో, ఏది బ్యాటరీయో. అరుగు మీద చిన్నమ్మ శనక్కాయలు ఒలుస్తోంది. ఇంజను వైపు చూస్తూ గట్టిగా చెప్పాను.

"హీటెక్కింది. నీళ్లు కావాల."

ఆమె చేతిలోని శనక్కాయ ఒలిచి చేటలో వేసింది. తర్వాత లేచి లోపలికి పోయింది. తలుపు మూసుకుంటుందేమో అనుకున్నాను. ఎర్ర బకెట్టు తెచ్చింది. అరుగు కొసన పెట్టలేదు, కారు దాకా మోసుకొచ్చింది. ఆవిరి లేని ఆ ఇంజనును చూసింది, నన్ను చూసింది. ఏదో ఒక మూత కనిపిస్తే దాని మీద చెయ్యి వేయబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"మూత తీయొద్దు మ్మే, కాలుతాది. చల్లారనీ. అంతవరకు లోపలికొచ్చి కూచ్చో."

లోపల, గోడకున్న మామ ఫొటో కింద కూర్చోబెట్టి, గ్లాసు నిండా నీళ్లిచ్చింది. తాగాను. ఉప్పుకషాయం. రేడియేటరు ఎందుకు పాడయిందో నాకు గుటక గుటకకూ తెలిసింది.

"ఎట్లుండాయి?" అంది.

"తీపి చిన్నమ్మా."

ఆమె నవ్వబోయి, కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. బయట ఇంజను చల్లారేసరికి పొద్దు గూకింది.